ఊసరవెల్లికి చెక్క గూడు



"తొండ ముదిరి ఊసరవెల్లి అయినట్టు" అనే సామెత మన పల్లెల్లో పెద్దవాళ్ళ నోట వినని వారుండరు. సామెతగా అది చక్కనిదే. కానీ శాస్త్రం దృష్టితో చూస్తే తొండ ఎంత ముదిరినా తొండగానే ఉంటుంది, ఊసరవెల్లి పుట్టుకతోనే ఊసరవెల్లి. రెండూ వేరువేరు కుటుంబాలకు చెందిన జీవులు. కంచె మీద తల ఆడిస్తూ, చప్పుడైతే పరుగు లంకించుకునేది తొండ. కొమ్మ మీద ఒక్కొక్క అడుగే వేస్తూ, గాలికి ఆకు ఊగినట్టు ముందుకూ వెనక్కూ ఊగుతూ నడిచేది ఊసరవెల్లి.

సరిహద్దు జిల్లాల్లో బతికే మనకు ఈ తేడా ఒక భాషలో కాకపోతే మరొక భాషలోనైనా తెలుస్తుంది. తమిళులు తొండను ఓణాన్ అంటారు, ఊసరవెల్లిని పచ్చోంది అంటారు. హోసూరు, కృష్ణగిరి వైపు వెళితే కన్నడం మాట్లాడేవాళ్ళు దాన్నే గోసుంబె అంటారు, ఊసరవళ్ళి అని కూడా అంటారు. పేర్లు ఎన్ని ఉన్నా మన దేశంలో దొరికే ఊసరవెల్లి జాతి మాత్రం ఒక్కటే. శాస్త్రజ్ఞులు దానికి పెట్టిన పేరు కెమీలియో జైలానికస్. ప్రపంచం మొత్తం మీద రెండు వందలకు పైగా జాతులున్నాయి, వాటిలో దాదాపు సగం మడగాస్కర్ దీవిలోనే ఉన్నాయి. మన జాతి ఇండియాలోనూ, శ్రీలంకలోనూ, పాకిస్తాన్‌లో కొన్ని చోట్లా ఎండు పొదల అడవుల్లో, తోపుల్లో, చేల గట్ల మీది చెట్లలో కనిపిస్తుంది.

దీని శరీర నిర్మాణాన్ని గురించి రెండు మాటలు ముందుగా చెప్పుకోవాలి. ఎందుకంటే గూడు గురించి నేను చెప్పబోయే ప్రతి విషయానికీ కారణం ఆ శరీరంలోనే ఉంది. దాని కాలి వేళ్ళు రెండు ఒకవైపు, మూడు ఒకవైపు కలిసిపోయి పట్టకారులాగా ఉంటాయి. కొమ్మను పట్టుకోవడానికి అవి బాగా పనికొస్తాయి గాని, నేల మీద నడవడానికి పనికిరావు. తోక అయిదో చేయిలా కొమ్మకు చుట్టుకుంటుంది. రెండు కళ్ళూ దేనికదే తిరుగుతాయి. ఒకటి ముందుకు చూస్తుంటే మరొకటి వెనక్కు చూడగలదు. నాలుక చాచినప్పుడు తోక కాకుండా ఉన్న దేహం కంటే పొడవుగా ఉంటుంది. పురుగు మీదికి అది వెళ్ళి రావడం మన కంటికి ఆనదు.

ఇక రంగుల సంగతి. పచ్చ ఆకు మీద పచ్చగా, ఎర్ర గుడ్డ మీద ఎర్రగా మారుతుందని మనం పిల్లలకు చెబుతూ ఉంటాం. అది పూర్తిగా నిజం కాదు. వెలుతురు, వేడి, భయం, కోపం, జత కోసం వెతుకులాట, వీటిని బట్టి దాని రంగు మారుతుంది. చలిగా ఉన్న ఉదయం ఎండను పీల్చుకోవడానికి నల్లబడుతుంది. శత్రువు ఎదురైతే మచ్చలు తేలుతాయి. 2015లో జెనీవా విశ్వవిద్యాలయం శాస్త్రజ్ఞులు మడగాస్కర్ ఊసరవెల్లిని పరిశీలించి, దాని చర్మ కణాల్లో అతి సూక్ష్మమైన స్ఫటికాలు ఉన్నాయనీ, వాటి మధ్య దూరం పెరిగినా తగ్గినా చర్మం మీది రంగు మారుతుందనీ కనుగొన్నారు. అంటే మనం ఎవరినైనా "ఊసరవెల్లి" అని తిట్టేటప్పుడు ఆ జీవికి అన్యాయం చేస్తున్నామన్నమాట. మనిషి లోపలి భావాన్ని దాచుకోవడానికి రంగు మారుస్తాడు. ఊసరవెల్లి రంగులో దాని లోపలి స్థితే బయటపడుతుంది.

ఇక అసలు విషయానికి వస్తాను. మా బడిలో ఎనిమిదో తరగతి పిల్లవాడు ఒకరోజు తండ్రిని వెంటబెట్టుకొని వచ్చాడు. తండ్రి వడ్రంగి పని చేస్తారు. సెలవులకు సత్యవేడు దగ్గర బంధువుల ఊరికి వెళ్ళినప్పుడు పిల్లవాడు ఒక ఊసరవెల్లిని చూశాడట. అక్కడి పిల్లలు దాని నడుముకు దారం కట్టి ఆడిస్తున్నారట. వీడికి జాలి వేసింది. "సార్, దాన్ని తెచ్చుకొని మంచి ఇల్లు కట్టిస్తే మా దగ్గర సుఖంగా ఉండదా? నాన్న చేసిపెడతానన్నారు. ఇంట్లో పాత జాలీ అలమర కూడా ఉంది" అని అడిగాడు. వాడి ప్రశ్నలో దయ ఉంది. అందుకే దానికి "వద్దు" అని ఒక్క మాటతో బదులు చెప్పి పంపడం నాకు ఇష్టం లేకపోయింది. వాడికి చెప్పిన సమాధానాన్నే కొంచెం వివరంగా ఈ రోజు మీ ముందు పెడుతున్నాను.

మొదటి మాట చట్టం గురించి. మన ఊసరవెల్లి 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ పొందిన జీవి. దాన్ని పట్టడం, అమ్మడం, ఇంట్లో పెంచడం నేరం. అందుకు జైలు శిక్ష, జరిమానా ఉన్నాయి. జాలితో తెచ్చుకున్నాం అన్నంత మాత్రాన చట్టం దృష్టిలో అది పెంపుడు జంతువు అయిపోదు. కాబట్టి సత్యవేడు ఊసరవెల్లికి ఇల్లు సత్యవేడు చెట్టే. ఆ దారం విప్పించి, దాన్ని దొరికిన చోటికే వదిలిపెట్టించడమే ఆ పిల్లవాడు చేయగలిగిన గొప్ప ఉపకారం.

అయితే నగరంలో మరో రకం ఊసరవెల్లులు కూడా కనబడుతున్నాయి. యెమెన్, సౌదీ అరేబియా ప్రాంతాలకు చెందిన ముసుగు ఊసరవెల్లి, మడగాస్కర్‌కు చెందిన చిరుత ఊసరవెల్లి, ఇలాంటివి పంజరాల్లో పుట్టి పెరిగి వ్యాపారంలోకి వస్తున్నాయి. చెన్నైలో జంతువుల అంగళ్ళు కొత్త కాదు. 1985లో కాలిపోయిన మూర్ మార్కెట్ రోజుల నుంచి ఉన్నవే. ఇప్పుడు కొళత్తూరు లాంటి చోట్ల చేపలు, పక్షుల వ్యాపారం జోరుగా సాగుతోంది. విదేశీ జాతుల విషయంలోనూ చట్టం ఊరుకోలేదు. అంతర్జాతీయ ఒప్పందమైన సైటిస్ జాబితాలో ఉన్న జీవులను మన దేశంలో ఉంచుకోవాలంటే నమోదు చేయించాలని 2022లో చేసిన సవరణ చెబుతోంది. అది 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చింది. అందుకు కావలసిన నియమాలు 2024లో వచ్చాయి. పరివేష్ అనే ప్రభుత్వ పోర్టల్‌లో నమోదు చేసుకోవాలి. ముసుగు ఊసరవెల్లి, చిరుత ఊసరవెల్లి రెండూ ఆ జాబితాలో ఉన్నవే. కాగితాలు చూపలేని అంగడివాడి దగ్గర, "దేశీయ జాతే, చవకగా ఇస్తాను" అనే వాడి దగ్గర, దయచేసి ఏ జీవినీ కొనకండి. మీరు ఇచ్చే డబ్బుతో మరో పదింటిని పట్టి తెస్తారు.

ఇక చట్టప్రకారం నమోదైన విదేశీ ఊసరవెల్లి ఇప్పటికే ఎవరి ఇంట్లోనైనా ఉంటే, దానికి మన పాత చెక్క అలమర గూడుగా పనికొస్తుందా? పనికొస్తుంది, కాని అనేక మార్పులు చేయాలి.

మన అమ్మమ్మల వంటింట్లో పాలు, పెరుగు, కూరలు దాచుకునే జాలీ తలుపుల అలమర ఉండేది. చీమలు ఎక్కకుండా నాలుగు కాళ్ళ కిందా నీళ్ళ గిన్నెలు పెట్టేవారు. ఊసరవెల్లికి కావలసింది దాదాపు అలాంటిదే. గాలి ఆడాలి, చీమలు రాకూడదు. రాత్రి నిద్రలో ఉన్న జీవిని చీమలు చుట్టుముడితే అది తప్పించుకోలేదు. కాబట్టి ఆ నీళ్ళ గిన్నెల ఉపాయాన్ని వదలవద్దు. నీళ్ళు మాత్రం రెండు రోజులకొకసారి మార్చండి, లేకపోతే దోమలు పుడతాయి.

ముందుగా చూడవలసింది పాత రంగు. 2017 నవంబరు నుంచి మన దేశంలో ఇళ్ళకు వాడే రంగుల్లో సీసం చాలా తక్కువ ఉండాలని నియమం వచ్చింది. అంతకు ముందు వేసిన ఎనామెల్ రంగుల్లో సీసం ఎక్కువగా ఉండే అవకాశం ఉంది. అలాంటి రంగును పొడిగా ఉప్పుకాగితంతో రుద్దితే వచ్చే దుమ్ము ఊసరవెల్లికే కాదు, ఇంట్లో పసిపిల్లలకూ విషం. తడిపి, మాస్కు కట్టుకొని, ఆరుబయట గీకించాలి, లేదా ఆ అలమరను ఈ పనికి వాడడమే మానుకోవాలి. ఏళ్ళ తరబడి కలరా ఉండలు వేసి ఉంచిన బట్టల బీరువా కూడా పనికిరాదు. ఆ వాసన చెక్కలో ఇంకిపోయి ఉంటుంది. చెదల మందు కొట్టిన చెక్క వద్దే వద్దు. దేవదారు లాంటి ఘాటు వాసన చెక్క కూడా మంచిది కాదు.

రెండోది కొలత. ఊసరవెల్లి చెట్టెక్కే జీవి, దానికి పొడవు కంటే ఎత్తు ముఖ్యం. పెరిగిన ముసుగు ఊసరవెల్లికి రెండడుగుల వెడల్పు, రెండడుగుల లోతు, నాలుగడుగుల ఎత్తు కనీసం కావాలి. అందువల్ల అలమరలోని అరలన్నీ తీసేయాలి. ఒక గూటిలో ఒకే జీవి. రెండింటిని కలిపి పెడితే, అవి కొట్టుకోకపోయినా, ఒకదాన్ని చూసి ఒకటి భయంతో తిండి మానేస్తుంది. తలుపుకు అద్దం ఉంటే తీసేయండి. తన నీడనే శత్రువనుకొని రోజంతా రంగులు మారుస్తూ అలసిపోతుంది.

మూడోది గాలి. పైకప్పు, ముందు తలుపు, ఒక పక్క గోడ, ఈ మూడూ జాలీ ఉండాలి. వెనక గోడ, మరో పక్క గోడ చెక్కగా ఉంచితే దానికి దాక్కునే ధైర్యం ఉంటుంది. అన్ని వైపులా మూసి ఉన్న చెక్క పెట్టెలో తేమ నిలిచి ఊపిరితిత్తుల జబ్బు వస్తుంది. జాలీ ఎంపికలో జాగ్రత్త అవసరం. దోమతెర లాంటి సన్న వలలో గోళ్ళు ఇరుక్కొని ఊడిపోతాయి. కోడిగూళ్ళకు వాడే పెద్ద కన్నుల వల నుంచి పురుగులు పారిపోతాయి. ప్లాస్టిక్ పూత ఉన్న, అర సెంటీమీటరు కన్నుల తీగ వల అనుకూలం. వల అంచులు, మేకుల తలలు లోపలికి పొడుచుకు రాకుండా సన్నని రీపర్లు కొట్టి కప్పేయాలి. తలుపుకు పైనొకటి, కిందొకటి గడియలు పెట్టాలి. చిన్న సందు చాలు, ఊసరవెల్లి మెల్లగానే అయినా బయటపడుతుంది, తర్వాత పిల్లికీ కాకికీ దొరుకుతుంది.

నాలుగోది నీళ్ళు. ఇక్కడే చాలామంది పొరపాటు పడతారు. గిన్నెలో నిలిచిన నీటిని చాలా ఊసరవెల్లులు గుర్తించవు. అడవిలో ఆకుల మీది మంచుబిందువులను, వాన చుక్కలను నాకి దాహం తీర్చుకుంటాయి. కాబట్టి ఉదయం, సాయంత్రం ఆకుల మీద సన్నగా నీళ్ళు చిలకరించాలి. ఒక ప్లాస్టిక్ సీసా అడుగున గుండుసూదితో బెజ్జం చేసి, గూటి పైన పెట్టి, చుక్కచుక్కగా ఆకు మీద పడేటట్టు చేయవచ్చు. ఇలా రోజూ నీళ్ళు పడితే మామూలు ప్లైవుడ్ ఉబ్బిపోతుంది, బూజు పడుతుంది. అందుకే లోపలి చెక్కకు నీటి ఆధారంగా తయారైన వార్నిష్ రెండు మూడు పూతలు వేసి, వాసన పూర్తిగా పోయేదాకా కనీసం వారం పది రోజులు ఎండలో, గాలిలో ఆరబెట్టాలి. మూలల్లో నీరు దిగని సిలికాన్ పూయాలి. అడుగున ఒక రేకు పళ్ళెం పెట్టి, కొంచెం వాలు ఇచ్చి, ఒక మూల బెజ్జం చేసి కింద బకెట్టు పెడితే నీళ్ళు నిలవవు. అడుగున ఇసుక, కొబ్బరి పీచు పరచకండి. పురుగుతో పాటు అవి నోట్లోకి పోతాయి.

అయిదోది వెలుతురు, వేడి. ఎముకలు గట్టిపడడానికి ఊసరవెల్లికి ఎండలోని అతినీలలోహిత కిరణాలు కావాలి. కిటికీ అద్దం ఆ కిరణాలను ఆపేస్తుంది, కనుక అద్దం వెనక నుంచి వచ్చే ఎండతో లాభం లేదు. సరీసృపాల కోసమే చేసిన అతినీలలోహిత దీపం పెట్టాలి. అది వెలుగుతూనే ఉన్నా ఆరునెలల నుంచి ఏడాది లోపు శక్తి తగ్గిపోతుంది, మార్చాలి. దీపాలన్నీ పై జాలీకి బయట వైపే బిగించాలి. లోపల పెడితే దాన్ని పట్టుకొని కాళ్ళు కాల్చుకుంటుంది. ఎండ కాగే కొమ్మ దగ్గర 30 నుంచి 32 డిగ్రీలు చాలు. చలి దేశాల పుస్తకాలు వేడి ఎలా పెంచాలో చెబుతాయి, మన చెన్నైలో సమస్య వేడిని తగ్గించడం. మే నెలలో 40 డిగ్రీలు దాటే పగటిపూట వేడి బల్బు అసలు వద్దు. గూటిని పడమటి ఎండ పడే వరండాలో పెట్టవద్దు. ఒక థర్మామీటరు పైన, ఒకటి కింద వేలాడదీస్తే ఊహ మీద ఆధారపడనక్కరలేదు. రాత్రి దీపాలన్నీ ఆర్పేయాలి, దానికి చీకటి, చల్లదనం కావాలి.

ఆరోది కొమ్మలు, మొక్కలు. దాని పిడికిలి పట్టేంత లావు కొమ్మలను అడ్డంగా, ఏటవాలుగా, వేరువేరు ఎత్తుల్లో గట్టిగా బిగించాలి. కుండీలో మందార, జువ్వి జాతి చిన్న మొక్క, మనీప్లాంటు పెట్టవచ్చు. ముసుగు ఊసరవెల్లి ఆకులు కూడా కొరుకుతుంది, అందువల్ల గన్నేరు, జిల్లేడు, ఉమ్మెత్త దగ్గరకు రానివ్వకండి. నర్సరీ నుంచి తెచ్చిన మొక్కకు పురుగుమందు కొట్టి ఉండవచ్చు. ఆకులు బాగా కడిగి, కొన్ని వారాలు బయట ఉంచి ఆ తర్వాతే లోపల పెట్టండి.

ఆడ జీవి అయితే మరో ఏర్పాటు కావాలి. మగదాని తోడు లేకపోయినా అది గుడ్లు పెడుతుంది. అడుగు లోతు తడి ఇసుక, మట్టి కలిపిన తొట్టి లేకపోతే గుడ్లు కడుపులోనే బిగుసుకుపోయి ప్రాణం పోతుంది.

గూటిని ఎక్కడ పెట్టాలి? నేల మీద కాదు. మనిషి కంటే ఎత్తు నుంచి చూసే చోట ఊసరవెల్లి ధైర్యంగా ఉంటుంది. ఫ్యాను గాలి, వంటింటి పొగ, అగరుబత్తి పొగ తగలకూడదు. అన్నిటికంటే ముఖ్యంగా ఆ గదిలో దోమలబత్తి, దోమల మందు యంత్రం వాడకూడదు. పురుగుల్ని చంపేదే పురుగుల్ని తినే జీవికీ ముప్పు. బొద్దింకల మందు కొట్టిన ఇంటి పురుగుల్ని ఎప్పుడూ వేయకండి. కీచురాళ్ళు, మిడతలు, అవి కూడా దాని రెండు కళ్ళ మధ్య దూరం కంటే పెద్దవి కానివి, కాల్షియం పొడి అద్ది వేయాలి. తినకుండా మిగిలినవాటిని రాత్రికి తీసేయాలి, లేకపోతే నిద్రలో ఉన్న జీవిని అవే కొరుకుతాయి.

కళ్ళు గుంటలు పడితే నీరు చాలడం లేదని గుర్తు. పట్టపగలు కళ్ళు మూసుకొని ఉంటే జబ్బు చేసిందని గుర్తు, వెంటనే పశువైద్యుల దగ్గరికి తీసుకెళ్ళాలి. దాన్ని ముట్టుకున్నా, గూడు కడిగినా చేతులు సబ్బుతో కడుక్కోవాలి. సరీసృపాల ఒంటి మీద సాల్మొనెల్లా అనే సూక్ష్మజీవి ఉండవచ్చు. అయిదేళ్ళ లోపు పిల్లలున్న ఇంట్లో ఇలాంటి పెంపకం మంచిది కాదు.

ఇదంతా వివరంగా చెప్పాక ఆ వడ్రంగి తండ్రి కాసేపు ఆలోచించి, "ఇంత చేసినా అది మన చేతి మీద ఆడుకోదా సార్?" అని అడిగారు. ఆడుకోదు. చేతిలోకి తీసుకున్న ప్రతిసారీ అది శత్రువు చేతిలో పడ్డట్టే భయపడుతుంది. చూసి ఆనందించడమే తప్ప ముద్దు చేయడానికి అది కుక్కపిల్ల కాదు. పిల్లవాడే తండ్రితో, "అయితే వద్దులే నాన్నా, ఆ అలమరలో పుస్తకాలు పెట్టుకుందాం" అన్నాడు.

ఇప్పుడు పల్లెల్లో ఉన్న శ్రోతలకు ఒక మనవి. వానలు పడే రోజుల్లో తడ, నగరి, పళ్ళిపట్టు, తిరుత్తణి రోడ్ల మీద ఊసరవెల్లి మెల్లగా దాటుతూ కనిపించవచ్చు. దాని నడకకు లారీ చక్రం ఆగదు. ముందు మీరు రోడ్డుకు రెండు వైపులా చూసుకోండి. ఒక పుల్లను దాని ముందు పెడితే అదే ఎక్కుతుంది. ఏ వైపు వెళుతోందో ఆ వైపు పొదలోనే దించండి. దానికి విషం లేదు. అది నోరు తెరిచి బుస కొట్టినా బెదిరింపే. దెబ్బ తగిలి ఉంటే బెజ్జాలు చేసిన అట్టపెట్టెలో ఒక కొమ్మ పెట్టి, నీడలో, చప్పుడు లేని చోట ఉంచి, అటవీ శాఖ వారికి తెలియజేయండి. చెన్నైలో అయితే 1959 నుంచి జంతుసేవ చేస్తున్న బ్లూ క్రాస్ ఉంది. నోరు తెరిచి నీళ్ళు పోయడం, అన్నం మెతుకులు పెట్టడం చేయకండి. ఈ అట్టపెట్టె కొన్ని గంటల ఆశ్రయం మాత్రమే, కాపురం కాదు.

కొబ్బరి ఈనెతో ఉచ్చు వేసి తొండల్ని పట్టే ఆట మన పిల్లలకు ఎవరూ నేర్పకుండానే వస్తుంది. ఊసరవెల్లి కనిపిస్తే అపశకునమని రాళ్ళు విసిరే పెద్దలూ ఉన్నారు. అది రోజంతా తినేది మిడతల్నీ ఈగల్నీ. చేను ఉన్న రైతుకు అది కూలి అడగని కాపలాదారు. పిల్లలకు సరీసృపాల మీద ఆసక్తి ఉంటే చెన్నై గిండీలో 1972లో రోములస్ విటేకర్ స్థాపించిన పాముల పార్కు ఉంది, మహాబలిపురం దారిలో వడనెమ్మేలి దగ్గర 1976లో ఏర్పడిన మొసళ్ళ బ్యాంకు ఉంది. అక్కడికి తీసుకెళ్ళండి. భయం పోతే రాయి చేతిలోంచి జారిపోతుంది.

వడ్రంగం తెలిసిన పెద్దలకు చివరిగా ఒక సూచన. మంచి చెక్క మిగిలితే పంజరం చేయనక్కరలేదు. చేను గట్టున ఒక తుమ్మ చెట్టునో, వేప చెట్టునో కొట్టకుండా మిగల్చండి. మన ఊసరవెల్లికి గాలి, నీడ, మంచు చుక్కలు, పురుగులు అన్నీ అమర్చి పెట్టిన చెక్క ఇల్లు అదే. దానికి గడియ కూడా అక్కరలేదు.